తెల్లచీర వేషం

బెజవాడ, కొత్తపేట
14-9-1946

చిరంజీవి మల్లికి మేనత్త భద్రమ్మ దీవెనలు.

ఎప్పటిలా చి.ల.సౌ. అని మొదలుపెట్టబోతే చెయ్యి ఆగిపోయిందే తల్లీ. మిగతా అక్షరాలు వదిలేశాను.

మీ పాండురంగయ్య బాబాయి నూలు కోటా పనిమీద మద్రాసు వచ్చి, పనిలో పనిగా నిన్ను చూద్దామని మీ వీధికొచ్చాడట. నువ్వు తెల్లచీర కట్టుకుని, బొట్టూ గాజులూ లేకుండా, బోసి మెడతో వ్యాను దిగి ఇంట్లోకి పోతుంటే మలుపులోంచి చూశాడట. కొత్తగా పసుపుకుంకాలు పోయిన మనిషికి ఎదురుపడకూడదని పలకరించకుండానే వెనక్కి తిరిగి, వీధి పంపు కింద తల తడుపుకుని రైలెక్కేశాడు. "ఎట్లా జరిగిందో కూడా అడగలేకపోయానమ్మా" అని మన గుమ్మంలో కూలబడి ఏడిచాడు. ఇంటిల్లిపాదీ తలమీద నీళ్ళు పోసుకున్నాం. నిండా ముప్పయ్యేళ్ళు లేని కుర్రాడు! మన అల్లుడు భావనారాయణ నవ్వుమొహం నా కళ్ళముందునుంచి పోవడంలేదు. ఒక్క కార్డుముక్కైనా రాయలేదేమని నీమీద కోపం రాలేదు. ఆ రోజుల్లో చెయ్యి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

మీ నాన్న మగ్గం దిగి, రేపటి మెయిలు రైలుకి బయల్దేరుతున్నాడు, నిన్ను తీసుకురావడానికి. ఆయనకంటే ముందు ఈ ఉత్తరం అందాలని ఇవాళే వేస్తున్నాను. ఒక్క మాట చెబుతాను, నాలో నీలో ఉండాలి. నువ్వు రావొద్దు.

వస్తే పెరటి గదిలో కూచోబెడతారు. మీ నాన్న మంచివాడే, కానీ వీధి అంతా మీ నాన్న కాదుగా. పందొమ్మిదేళ్ళకి నేనట్లాగే వచ్చాను. నా బతుకు అయిపోయిందని అందరూ చెప్పారు, నేనూ నమ్మాను. ఆ గదిలోంచి కదలలేదు. కొన్నాళ్ళకి ఒక పొద్దున మన మేక పడుగునూలుకి పట్టించే గంజికుండలో మూతి పెట్టింది. ఎండకి గడ్డం అట్టకట్టి, పెళ్ళిచూపులకి ముస్తాబైన ముసలాడిలా నా ఎదట నిలబడింది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక పడీపడీ నవ్వాను. మా అమ్మ పరుగున వచ్చి నా నోరు మూసింది. "నవ్వకే, ఎవరైనా వింటారు" అంది. ఇన్నేళ్ళయినా ఆ చెయ్యి నా నోటిమీద ఉన్నట్టే ఉంటుంది. కానీ ఆ పూటే తెలిసింది నాకు, లోపల నేను చావలేదని. చీరలమూట నెత్తికెత్తుకుని గవర్నరుపేట దాకా అమ్ముతూ తిరిగింది ఆ తర్వాతే.

కాబట్టి లే. తలంటుకో. ఉప్పూ కారం వేసుకుని అన్నం తిను, చంటిదానికి పాలుండాలి. నవ్వొస్తే నవ్వు. ఒంటరిదాన్నని భయమైతే నేనే వచ్చి నీ దగ్గర ఉంటాను.

నీ అత్త
భద్రమ్మ

---

మద్రాసు
18-9-1946

అత్తయ్యకు నాగమల్లేశ్వరి నమస్కారాలు.

అత్తా, ముందీ మాట చదువు. ఆయన బతికే ఉన్నారు! నా ఎదురుగా కూచుని గోంగూర పచ్చడి కలుపుకుంటున్నారు. చచ్చినంత మాత్రాన పచ్చడి ఎందుకు మానతానని నీకు రాయమంటున్నారు. ఆయనకి అన్నీ వేళాకోళమే.

నాన్న వచ్చేసరికి ఆయనే తలుపు తీశారు. నాన్న ఒక్క కేక పెట్టి ఆయన్ని కావిలించుకుని, అట్లాగే గడపలో జారిపోయారు. మొహాన నీళ్ళు చల్లి లేవదీశాం. లేచాక నిజం చెప్పాం. అప్పుడు మొదలైంది అసలు గొడవ.

నీకూ ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఆయన స్టూడియోలో దుస్తుల గది చూస్తారని తెలుసుగా. మనవైపు చీరకట్టు వాళ్ళకి కుదరడంలేదంటే సాయానికి నేనూ వెళ్ళేదాన్ని. ఈమధ్య హీరోయిన్ అక్క వేషం కట్టే ఆవిడకి జబ్బు చేసింది. డైరెక్టరుగారు నన్ను చూసి, "కాస్త ఇట్లా వచ్చి నిలబడమ్మా" అన్నారు. నిలబడ్డాను. అంతే. పిక్చరు వచ్చాక నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను, నా బుద్ధి మండ! వేషం పేరు పార్వతి. భర్త పోయిన మనిషి. పొద్దున్నే మేకప్పు ఆయన నా బొట్టు తుడుస్తాడు. పుస్తెలు నేనే తీసి మీ అల్లుడికిస్తాను, చొక్కా జేబులో వేసుకుని షాటు అయ్యేదాకా పక్కనే నిలబడతారు. మధ్యాహ్నం చంటిదానికి పాలివ్వడానికి అదే వేషంతో వ్యానులో ఇంటికొస్తాను. బాబాయి చూసింది అదీ.

"మొగుడు బతికుండగా పుస్తెలు తీసేది నా కూతురు కాదు" అని నాన్న మంచినీళ్ళైనా ముట్టకుండా వెళ్ళిపోయారు. ఎంత బతిమాలినా వినలేదు.

ఇక నీ ఉత్తరం. ఇద్దరం కూచుని చదివాం. మేక దగ్గర నవ్వాం. నాయనమ్మ చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. నాకు ఏడుపూ సిగ్గూ రెండూ వచ్చాయి. విధవంటే ఆరిన దీపం, స్తంభాన్ని ఆనుకుని, చెంపన చెయ్యి పెట్టుకుని నేలచూపులు చూడాలి అని డైరెక్టరుగారు చెబితే అట్లాగే కూచున్నాను అత్తా! నీ ఒళ్ళో పెరిగినదాన్ని, నువ్వెప్పుడు అట్లా కూచున్నావని అడగలేదు. కథ చివర చెల్లెలి పెళ్ళికి తను అడ్డమని పార్వతి కృష్ణలో దూకేస్తుంది. దాంతో పెళ్ళి హాయిగా జరిగిపోతుంది.

నిన్న ఉండబట్టలేక డైరెక్టరుగారికి మేక సంగతి చెప్పేశాను. కోప్పడకు. పార్వతి ఎట్లా ఉండాలో నువ్వే రాయి.

నీ మల్లి

---

బెజవాడ
25-9-1946

చి.ల.సౌ. చి.ల.సౌ. నాగమల్లేశ్వరికి. మొన్న రాయనిది కూడా కలిపి రాశాను, చూసుకో.

మీ నాన్న కోపంతో దారిలో చుట్టాలింట దిగిపోయాడు, నీ ఉత్తరమే ముందొచ్చింది. అది చదివి వీధిలోకి పరుగెత్తాను. అల్లుడు బతికున్నాడర్రా అని అరుస్తుంటే నాకు మతి పోయిందనుకున్నారు. పాండురంగయ్య మొహం చెల్లక కంకిపాడు బేరానికి పోయాడు. తిరిగొచ్చాక ఇంటింటికీ బెల్లం పంచాడు. మీ నాన్న నీ పేరెత్తితే కస్సుమంటాడు గాని, అల్లుడు కాస్త ఒళ్ళు చేశాడని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నాడు.

ఇప్పుడు నా కోపం సంగతి. ఆ ఉత్తరం మొగుడు పోయి ఏడుస్తున్న పిల్లకి రాశానే. వేషాలేసేదానికి కాదు. అబద్ధపు చావుకి నా నిజమంతా ఖర్చైపోయింది. అదీ చాలక ఊరూ పేరూ తెలియని మగాడికి మేక సంగతి చెప్పేశావా? నేను మీ నాన్నకైనా చెప్పలేదు. పౌరుషం కొద్దీ రెండు రోజులు కాగితం ముట్టలేదు.

తర్వాత ఆలోచించాను. చెప్పిందెటూ చెప్పావు. అడిగావు గనక రాస్తున్నాను.

తెల్లచీర పెద్ద కష్టం కాదు, మాసిపోతుందనే చిరాకు తప్ప. పొద్దున్నే మూటతో వీధిలోకి వస్తే, అప్పుడే బయల్దేరబోతున్నవాళ్ళు నన్ను చూసి మళ్ళీ లోపలికెళ్ళి, కాసేపు కూచుని వస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మధ్యాహ్నం వాళ్ళే పిలిచి మజ్జిగ ఇస్తారు. అది కష్టం. పెళ్ళిచీర ఏరేది నేను, కానీ పక్కింటి వెంకటరత్నమ్మ చేత ఇప్పించాలి. నేను అందిస్తే తీసుకోరు. అది కష్టం. చెంపన చెయ్యి పెట్టుకుని కూచునే తీరిక ఎవరికుందీ?

ఇంతకీ ఆ పిల్ల ఎందుకు దూకాలి? కృష్ణ నా ఇంటిపక్కనే ఉంది. ఇన్నేళ్ళుగా అందులో బట్టలు జాడించుకున్నాను, పుష్కరాలకి మునిగాను. నేను దూకానా? మేం దూకితే మీకు కథ అయిపోతుంది, తేలిగ్గా. మర్నాడు లేచి పొయ్యి రాజెయ్యడం ఎవరూ చూపించరేం? మీ డైరెక్టరుకి నా మాటగా చెప్పు. పార్వతి బతికితే నేను హాలుకొచ్చి పిక్చరు చూస్తాను. మా వీధిలో నావంటి మనిషి ఎవరూ హాలు గడప తొక్కలేదు, అయినా వస్తాను. దూకితే మాత్రం రాను.

మీ అత్త
భద్రమ్మ

---

మద్రాసు
20-11-1946

అత్తయ్యకు నమస్కారాలు.

మేక వచ్చింది! కోడంబాకంలో ఎవరిదో తెచ్చారు. అరవ మేక, మన గంజి ముట్టనంది. చివరికి మీ అల్లుడే పట్టుకుని దాని గడ్డానికి గంజి పూశారు. నేను నవ్వాలి, ఆయనకీ నవ్వొచ్చింది, లైట్లబ్బాయి కూడా నవ్వేసి మొదటి షాటు పాడుచేశాడు. తర్వాత తల్లి వేషం ఆవిడ వచ్చి నా నోరు మూసింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. డైరెక్టరుగారు కట్ చెప్పడం మరిచిపోయి నిలబడ్డారు.

తీసినంతవరకూ ప్రొడ్యూసరుగారు వేయించుకుని చూశారు. "విధవ నవ్వితే నవ్వింది, ఊరికే వదిలేస్తే రేపు ఇళ్ళలో ఆడవాళ్ళు ఏమైపోతారు? నవ్వింది గనక దూకి తీరాలి" అన్నారు. చూశావా అత్తా? ఇదివరకు చెల్లెలి కోసం దూకేది, ఇప్పుడు నవ్విన నేరానికి దూకాలి. మన మేక మన కొంపే ముంచింది.

నేను ఊరుకోలేదు. పార్వతి మూట నెత్తికెత్తుకుని గుమ్మం దాటితే ఏం అని డైరెక్టరుగారిని అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు, ప్రొడ్యూసరంటే భయం. ఆ రాత్రికి రాసుకొచ్చారు, మొన్న తీశారు కూడా. పొద్దున్నే పార్వతి తలుపు తీసుకుని మూటతో బయటికొస్తుంది. ఎదురింటాయన చూసి లోపలికెళ్ళిపోతాడు. ఆమె ఆగదు, నడిచిపోతుంది. ఇది ఉంచుతారట. కానీ దూకడం కూడా ఉండాలట! ఊరి బయట చెరువొకటి చూసి దాన్నే కృష్ణంటున్నారు. నాచు పట్టిన చెరువు. ఆనకట్ట దగ్గర నిలబడి మన నీళ్ళు చూసినవాడెవడైనా ఆ మాటంటాడా?

నువ్వు బెంగపెట్టుకోకు. నీమీద ఒట్టు, పార్వతి దూకదు. నువ్వు హాలుకి రావాల్సిందే.

నీ మల్లి

---

మద్రాసు
3-3-1947

అత్తయ్యకు నమస్కారాలు.

చాన్నాళ్ళుగా రాయలేదు. ఉగాదికి పిక్చరు బెజవాడ వస్తోందట. నువ్వు చూడొద్దు. ఎందుకని అడగొద్దు. నాన్నని కూడా చూడనివ్వకు.

ఆయన వేరే కంపెనీలో కుదిరారు. చంటిదానికి పళ్ళొస్తున్నాయి, చేతికందింది కొరుకుతోంది.

నీ మల్లి

---

బెజవాడ
30-3-1947

చి.ల.సౌ. నాగమల్లేశ్వరికి.

నీ కార్డు అందింది. రమ్మన్నదానివే రావొద్దంటే నాకేం తెలియదనుకున్నావా? విధవ అత్త హాల్లో కూచుంటే నలుగురూ నీ గురించి ఏమనుకుంటారోనని నీకు సిగ్గేసింది. మద్రాసు నీళ్ళు వంటబట్టాయి. నా మేక కావాలి, నా మూట కావాలి, నేను మాత్రం అక్కర్లేదు. ఇట్లా నిన్ను ఇన్ని రోజులూ తిట్టుకున్నాను. తిట్టుకుని తిట్టుకుని, పంతం కొద్దీ నిన్న మధ్యాహ్నం ఆటకి వెళ్ళాను. వెంకటరత్నమ్మ తోడొచ్చింది. మీ నాన్నకి చెప్పలేదు.

ఆడవాళ్ళ తరగతి తలుపు దగ్గర టిక్కెట్లు చింపే గుణదల తెరేసమ్మ ఉంటుంది. నేను గడప దగ్గర తటపటాయిస్తుంటే, "రామ్మా, మా బెంచీలకి శకునాలు తెలియవు" అంది. వెనక బెంచీ చివర ఒద్దికగా కూచున్నాను.

మేక వచ్చిందే మల్లీ. హాలు హాలంతా నవ్వింది. నా నవ్వు అంతమంది నవ్వుతుంటే వెంకటరత్నమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మీ నాయనమ్మ వేషం ఆవిడ నీ నోరు మూసినప్పుడు నా పక్కనున్న పామర్రావిడ, "అయ్యో, నవ్వనివ్వరాదూ!" అని పైకే అంది. నేనెవరో ఆవిడకి తెలియదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడిచాను. నువ్వు మూట ఎత్తుకుని గుమ్మం దాటావు. ఎంత బాగున్నావే!

అంతలో ఏరు. తెల్లచీర కట్టుకున్న మనిషి, వీపు మనవైపు, నీళ్ళలోకి దిగుతోంది. చుట్టూ ఆడవాళ్ళు బావురుమంటున్నారు. నేను చూస్తున్నాను, చూస్తున్నాను, ఆ నడక నీది కాదు. నిన్ను పెంచినదాన్ని, వెనకనుంచి గుర్తుపట్టలేనా? నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. "అది మా మల్లి కాదు! మా మల్లి దూకలేదు! ఆవిడెవరో వేరే మనిషి!" అని అరిచాను. మగవాళ్ళ వైపునుంచి ఈలలు. కూచో మామ్మా అని ఒకడు. తెరేసమ్మ వచ్చి భుజం పట్టుకుని కూచోబెట్టింది. వెంకటరత్నమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

ఎవరే ఆవిడ? నువ్వప్పుడు ఎక్కడున్నావు? నువ్వు రావొద్దని రాసింది నేననుకున్న కారణానికి కాదేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది. దాచకుండా రాయి.

నీ అత్త
భద్రమ్మ

---

మద్రాసు
4-4-1947

అత్తయ్యకు నమస్కారాలు.

నువ్వంటే నాకు సిగ్గా? అంత మాట ఎట్లా అనుకున్నావత్తా? నా మొహం నీకు చూపించలేక రాశాను.

ఆ రోజు నన్ను చెరువుకి తీసుకెళ్ళారు. దిగనన్నాను. ముందు నవ్వారు, తర్వాత బతిమాలారు, తర్వాత ప్రొడ్యూసరుగారు కారు దిగొచ్చి, వేషానికి ఒప్పుకున్నదానివి చావుకి ఒప్పుకోవేం అని కేకలేశారు. "చీరలమ్ముకునే మనిషి చావదండీ" అన్నాను. నాకు వేరే మాట తోచలేదు. వ్యానులో కూచుని తలుపేసుకున్నాను. వాళ్ళు గుంపులో నిలబడే ఆవిడనొకదాన్ని పిలిచి నా చీరలాంటిదే కట్టబెట్టి, వెనకనుంచి తీసుకున్నారు. పాపం, ఆవిడకి ఇద్దరు పిల్లలట, కాదంటే రేపు పిలవరు. నీళ్ళలోంచి వణుకుతూ వస్తే నేనే తువ్వాలిచ్చి కాఫీ పట్టించాను. మర్నాడు మీ అల్లుణ్ణీ నన్నూ రావొద్దన్నారు. పిక్చరు మొదట్లో నా పేరు కూడా తీసేశారు.

అవన్నీ పోతే పోనీ. నేను దూకకపోతే ఏమైంది? పార్వతి చచ్చింది. ప్రతి ఊళ్ళో, ప్రతి ఆటలో చస్తోంది. నీ మేకనీ నాయనమ్మ చేతినీ వాళ్ళకి అప్పజెప్పి, నిన్ను తీసుకెళ్ళి ఆ నాచుచెరువులో తోయించాను. నీమీద ఒట్టేసి నిలబెట్టుకోలేకపోయాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా నోరు రావడంలేదు.

మల్లి

---

బెజవాడ
15-4-1947

చి.ల.సౌ. నాగమల్లేశ్వరికి అత్త దీవెనలు.

ఏడుపు ఆపి ఇది చదువు. చదివి అల్లుడికి కూడా వినిపించు.

నేను హాల్లో వేసిన కేక ఊరంతా పాకింది. గవర్నరుపేటలో మూట దించితే చాలు, "ఆ దూకింది మీ పిల్ల కాదటగా, మరి మీ పిల్ల ఏమైంది?" అని అడుగుతున్నారు. అడిగినవాళ్ళకల్లా చెబుతున్నాను. మూట ఎత్తుకుని వెళ్ళిందా, గాంధీనగరంలో బేరం కుదిరింది, పొద్దుగూకి ఇంటికొచ్చింది, అన్నం వండుకుంది, పడుకుంది అని. "అంతేనా?" అంటారు. అంతేనమ్మా అంటాను. కొందరు మర్నాడు ఏమైందని కూడా అడుగుతున్నారు.

మొన్న తెరేసమ్మ బజారులో కనిపించి నామీద విరుచుకుపడింది. "నీ మూలంగా నా ఉద్యోగానికే ముప్పొచ్చేట్టుంది భద్రమ్మా! పార్వతి గుమ్మం దాటడం ఆలస్యం, నా ఆడవాళ్ళంతా లేచి తలుపు తియ్యమంటున్నారు. ఇంకా ఉందమ్మా పిక్చరు అంటే, మాకు అయిపోయింది అంటున్నారు. మేనేజరు నన్ను తిడుతున్నాడు" అంది. తిడుతూనే నవ్వింది. నేను నమ్మలేదు. నిన్న మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను.

నిజమే మల్లీ. నువ్వు మూట సర్దుకుని తలుపు తీశావు. ఎదురింటాయన లోపలికెళ్ళాడు. నువ్వు ఆగలేదు. నువ్వు కనుమరుగయ్యేదాకా చూసి, ముందు బెంచీలో ఒకావిడ పిల్లని చంకనేసుకుని లేచింది. ఆ వెనక ఇద్దరు. తర్వాత బెంచీకి బెంచీ లేచింది. చెప్పుల చప్పుడు తప్ప మాటల్లేవు. నేనూ లేచాను. తెరేసమ్మ గొణుక్కుంటూ తలుపు బార్లా తెరిచింది, ఎండ కళ్ళల్లో కొట్టింది.

బయట చెట్టు నీడన మీ నాన్న నిలబడి ఉన్నాడు. మగవాళ్ళ వైపునుంచి ఆయనొక్కడే లేచొచ్చాడట. నన్ను చూసి తత్తరపడ్డాడు, నేనూ తత్తరపడ్డాను. కండువాతో మొహం తుడుచుకుని, "మల్లిని మళ్ళీ ఎవరైనా పిలిచారా, పిక్చరుకి?" అన్నాడు. రాసి కనుక్కుంటానన్నాను.

లోపల పిక్చరు ఇంకా నడుస్తూనే ఉంది. ఆవిడెవరో నీళ్ళలోకి దిగుతూనే ఉండి ఉంటుంది. మేమందరం మాటలు చెప్పుకుంటూ ఇంటికొచ్చేశాం.

నీ అత్త
భద్రమ్మ